నదికి తోడు వేసేది నేల

ఒక చెంచాడు నదినీళ్లలో 50 లక్షల దాకా బ్యాక్టీరియాలు ఉంటాయి. ఇది మురుగు కలిసిన నది లెక్క కాదు. అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా పారే నీటిలోనైనా లెక్క లక్షల్లోనే ఉంటుంది. రోగాలు తెచ్చేవి వీటిలో బహు తక్కువ. మిగిలినవన్నీ కుళ్లిన ఆకులనీ, మట్టిలోంచి కరిగి దిగిన పదార్థాన్నీ, చచ్చిన తోటి జీవులనీ తింటూ తమ మానాన తాము బతికేవి. నది తన మురికిని తానే కడుక్కుంటుంది అంటారే, ఆ కడిగే పనిలో పెద్ద వాటా వీటిదే.

ఇంతకీ ఇవి నదిలోకి ఎక్కడి నుంచి వచ్చాయి? వినడానికి అమాయకంగా ఉండే ప్రశ్న. నీళ్లున్న చోట సూక్ష్మజీవులు ఉండవా, అక్కడే పుట్టి అక్కడే పెరిగి ఉంటాయి అనుకుంటాం. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం ఇంచుమించు ఇలాగే అనుకున్నారు. సూక్ష్మజీవులు గాలితోనూ ధూళితోనూ ఎల్లచోట్లకీ చేరుతూనే ఉంటాయని, ఎక్కడ ఏది నిలవాలో ఆ చోటి పరిస్థితులే తేలుస్తాయని 1934లో డచ్ శాస్త్రవేత్త లౌరెన్స్ బాస్ బెకింగ్ ప్రతిపాదించాడు. ఈ మాట పట్టుకుంటే నది గురించి తెలుసుకోవడానికి నదిని చూస్తే చాలు. నీళ్ల వేడి ఎంత, ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత, భాస్వరం ఎంత అని కొలుచుకుంటే సరిపోతుంది. గట్టు దాటి పొలంలోకో అడవిలోకో వెళ్లే పని లేదు.

చిక్కేమిటంటే నది ఒక చోట నిలిచి ఉండేది కాదు. ఇప్పుడు రాజమహేంద్రవరం రేవులో ఉన్న నీరు మొన్న భద్రాచలం దగ్గర ఉంది. అంతకు ముందు ఏ బస్తర్ అడవిలోనో మట్టి రేణువుల మధ్య ఇంకి ఉంది. నీరు కదులుతుంటే అందులోని జీవులూ కదులుతాయి. మరి బయల్దేరినవన్నీ చివరిదాకా వస్తున్నాయా? దారిలో కొత్తగా చేరేవి ఎన్ని, మాయమయ్యేవి ఎన్ని?

ఈ లెక్క తేలకపోవడానికి పెద్ద కారణం పనిముట్లు. పాత పద్ధతిలో నీటిచుక్కను పోషకాలున్న గాజుపళ్లెంలో వేసి, ఏవి పెరుగుతాయో చూసేవారు. సూక్ష్మదర్శిని కింద వంద కనిపిస్తే పళ్లెంలో పెరిగేది ఏ ఒక్కటో. మిగతావాటికి మనం పెట్టిన తిండి పడదు. ఇప్పుడు పెంచే అవసరం లేదు. నీటిని 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పలుచని వడపోత పొర గుండా పంపుతారు. మన వెంట్రుక మందంలో ఆ రంధ్రం మూడొందల వంతు కన్నా చిన్నది. తేటనీరైతే లీటర్ల కొద్దీ దిగుతుంది. వరదనీరైతే కాసేపటికే తెల్లటి పొర మట్టిరంగుకు తిరిగి పూడుకుపోతుంది, పంపు మొరాయిస్తుంది. ఆ పొరను వెంటనే గడ్డకట్టించి ప్రయోగశాలకు తెచ్చి, దాని మీది డీఎన్ఏ అంతా తీసి, అందులో 16ఎస్ అనే ఒక్క జన్యువును చదువుతారు. సుమారు 1,500 అక్షరాల ఈ జన్యువు ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండి తీరాలి, ఎందుకంటే ప్రొటీన్లు తయారుచేసే యంత్రాంగంలో ఒక భాగం దాని నుంచే తయారవుతుంది. కాకపోతే కొన్ని అక్షరాలు జాతికో తీరుగా ఉంటాయి. కాబట్టి ఆ అక్షరాలు చదివితే ఎవరెవరు ఉన్నారో, ఏ పాళ్లలో ఉన్నారో తెలిసిపోతుంది. ఈ జన్యువు ఆధారంగానే కార్ల్ వోస్ 1977లో జీవుల వంశవృక్షాన్ని తిరగరాసి, ఆర్కియా అనే కొత్త శాఖను లోకానికి చూపించాడు.

ఈ పద్ధతి చేతికొచ్చాక అసలు ప్రశ్నకు గట్టి జవాబు దొరికింది అలాస్కాలో. అక్కడ బ్రూక్స్ పర్వతాలకు ఉత్తరాన, చెట్టన్నది మొలవని టండ్రా మైదానంలో టూలిక్ అనే సరస్సు ఉంది. 1975 నుంచి దాని ఒడ్డున పరిశోధన కేంద్రం నడుస్తోంది. నది ఆనుపానులు తెలుసుకోవడానికి మనుషులే లేని ఆ చలిదేశం ఎందుకు అనిపించవచ్చు. కారణం నేలలో ఉంది. అక్కడ కొంత లోతు కిందనుంచి భూమి ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైనున్న పలుచని పొర మాత్రమే కరుగుతుంది. మన నేలల్లోలాగా నీరు లోతుకు ఇంకి, ఏళ్ల తరబడి రాతిపొరల్లో తిరిగి, ఎక్కడో ఊటగా తేలే అవకాశం అక్కడ లేదు. కరిగిన పొరలోనే వాలుకు జారి, సన్నని పాయగా మారి, వాగై, సరస్సులో పడాలి. నీరు నడిచే దారి కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

బైరన్ క్రంప్, లిండా అమరాల్-జెట్లర్, జార్జ్ క్లింగ్ అనే ముగ్గురు ఆ దారి వెంట పైనుంచి కిందికి నీరు పట్టారు. వాలు మీది మట్టిలో ఇంకి ఉన్న నీరు, చిన్న వాగుల నీరు, వాటి కింద సరస్సుల నీరు. 2012లో వాళ్లు ప్రచురించిన ఫలితాలు చూస్తే మామూలు అంచనాలు రెండు తలకిందులయ్యాయి.

నది పోనుపోను ఉపనదులను కలుపుకుంటుంది కాబట్టి జాతుల సంఖ్య కూడా పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దీనికి విరుద్ధం. అన్నిటికన్నా ఎక్కువ జాతులు మట్టినీటిలోనూ, తలాపున ఉన్న చిన్న వాగుల్లోనూ ఉన్నాయి. కిందికి దిగేకొద్దీ తగ్గుతూ, సరస్సుకు వచ్చేసరికి బాగా పలచబడ్డాయి. రెండో విషయం ఇంకా విడ్డూరం. సరస్సులో దొరికిన బ్యాక్టీరియా జాతుల్లో సగానికి పైగా పైనున్న మట్టినీటిలోనో వాగుల్లోనో కూడా కనిపించాయి. సరస్సును ఏలుతున్న ప్రధాన జాతుల్లోనూ చాలావరకు అంతే. మట్టిలో మాత్రం అవి అరుదు. వేలల్లో ఒకటిగా, ఉన్నాయో లేవో తెలియనట్టు ఉంటాయి. మట్టిలో గొప్పగా బతికేవి నీటిలో పడితే అణిగిపోతున్నాయి. మట్టిలో దిక్కులేనివి నీటిలో రాజ్యం చేస్తున్నాయి.

ఎందుకిలా? ఒక గ్రాము మట్టిలో కోట్ల కొద్దీ బ్యాక్టీరియాలు, వేల జాతులు ఉంటాయి. మట్టిలో ఒక రేణువుకీ పక్క రేణువుకీ మధ్యే వేరు వేరు లోకాలు ఉంటాయి. ఒకచోట తడి, ఒకచోట పొడి. ఒకచోట గాలి ఆడుతుంది, ఒకచోట అసలు ఆడదు. వేరు కొస దగ్గర తీపి, అంగుళం అవతల ఆకలి. అందుకే అన్ని జాతులకీ చోటు ఉంటుంది. నీరు కదిలి కలిసిపోయేది కాబట్టి ఇన్ని మూలలు అందులో లేవు. చోట్లు తక్కువైతే నిలిచేవాళ్లూ తక్కువే.

క్యుబెక్ అడవుల్లోని వాగులు, సరస్సుల మీద క్లారా రూయిజ్-గొంజాలెజ్ బృందం 2015లో వెలువరించిన పనిలోనూ ఇదే తేలింది. మంచినీటి సూక్ష్మజీవుల్లో చాలావాటికి పుట్టిల్లు నేలే. ఈ పరిశోధకులు నేలను విత్తనాల నిల్వగా చూస్తారు. నాకైతే మన వంటింటి మాటే నయమనిపిస్తుంది. గోరువెచ్చని పాలలో చెంచా పెరుగు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగవుతుంది. తోడు వేసిన మరుక్షణమే గిన్నె వంపేస్తే మాత్రం మిగిలేది పాలే. నేల వేసే తోడు ప్రతి వాగులోనూ పడుతుంది. అది తోడుకునే వ్యవధి నీటికి దొరికిందా లేదా అన్నదే తేడా.

ఆ వ్యవధి లెక్క వేసి చూడటం తేలిక. కొండవాలున పుట్టిన వాగు రెండు మూడు గంటల్లో ఏట్లో కలిసిపోతుందనుకోండి. నీటిలో స్వేచ్ఛగా తేలే బ్యాక్టీరియా ఒకసారి రెట్టింపు కావడానికి ఒక రోజు పడుతుందనుకుందాం, చాలావాటికి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే ఆ జీవి ఒక్కసారి కూడా రెట్టింపు కాకుండానే వాగు నీటి ప్రయాణం ముగుస్తుంది. అలాంటి చోట నీటిలో ఏముందన్నది వాన నిన్న ఏ మట్టిని కడిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. అక్కడ నీటి గుణాలకు పెద్దగా పని లేదు. ఇప్పుడు పెద్ద నదికి రండి. సెకనుకు మీటరు చొప్పున పారితే రోజుకు 86 కిలోమీటర్లు. ఆ వేగంతో గోదావరి మొత్తం 1,465 కిలోమీటర్లూ దిగడానికి 17 రోజులు. రోజుకోసారి రెట్టింపయ్యే జీవి అడ్డు లేకుండా పెరిగితే 17 రోజుల్లో లక్షా ముప్పై వేల రెట్లు అవుతుంది. మట్టిలో లక్షలో ఒకటిగా ఉన్నది ముఖ్యపాత్రగా మారడానికి ఆ మాత్రం చాలు. నిజంగా అంత పెరగవు, పెరిగినవాటిని తినేవి వెంటే ఉంటాయి. కానీ ఎవరికి పైచేయి అవుతుందో తేలడానికి వ్యవధి దొరుకుతుంది.

థేమ్స్ నది మీద 2015లో అచ్చైన పరిశీలన దీనికి బలం చేకూర్చింది. నీటిలోని రసాయనాల కన్నా, నదీజాలంలో ఆ చోటు తలాపు నుంచి ఎంత దూరంలో ఉందన్నదే, అంటే నీరు ఎంతసేపు ప్రయాణించిందన్నదే, అక్కడి బ్యాక్టీరియాల కూర్పును బాగా వివరించగలిగింది.

ఈ కథను ఒకే నది వెంట చివరంటా చూడాలంటే డాన్యూబ్‌కు వెళ్లాలి. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో పుట్టి, పది దేశాల గుండా పారి, నల్ల సముద్రంలో కలిసే నది. 2007లో జరిగిన ఉమ్మడి సర్వేలో పరిశోధన నౌక మీద దాదాపు 2,600 కిలోమీటర్ల మేర నడినది నుంచి నమూనాలు పట్టారు. వాటిలోని జన్యువులు చదివి డొమెనికో సావియో బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. ఎగువ నుంచి దిగువకు జాతుల సంఖ్య నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. మట్టికీ భూగర్భజలానికీ చెందిన జాతులు పలచబడ్డాయి, మంచినీటికి అలవాటైన కొద్ది జాతుల వాటా పెరిగింది. దారిలో వియన్నా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ లాంటి రాజధానులున్నాయి, పెద్ద పెద్ద ఉపనదులు కలుస్తాయి. అయినా నడినది వరసను ఉపనదులు పెద్దగా మార్చలేకపోయాయి.

చివరికి నిలిచినవి ఎలాంటివి? పొట్టివి. ఏసీ-1 అని పిలిచే ఒక బృందం, ఎల్‌డీ-12, పాలిన్యూక్లియోబ్యాక్టర్. మొదటి రెండూ మైక్రాన్ పొడవు కూడా ఉండని జీవులు. మన పేగుల్లోని ఈ-కోలై జన్యుపటం 46 లక్షల అక్షరాలైతే, ఏసీ-1 బృందంలోని వాటిది 12 నుంచి 14 లక్షలు. ఉన్నదాంట్లో సరిపెట్టుకునే సంసారం. ఒంటి పరిమాణం తగ్గితే, దాంతో పోల్చినప్పుడు పైచర్మం వైశాల్యం పెరుగుతుంది. పలచటి నీటిలో దొరికే చిటికెడు తిండిని పీల్చుకోవడానికి అది లాభం. ఇంకో లాభం, నీటిలో వేటాడుతూ తిరిగే ఏకకణ జీవులకు ఇంత చిన్నవి సులభంగా చిక్కవు. పైగా ఏసీ-1 జీవుల్లో చాలావాటికి సూర్యకాంతి నుంచి కాస్త శక్తి పిండుకునే ప్రొటీన్ కూడా ఉంది. ఎల్‌డీ-12 వంశం మరీ ఆసక్తికరం. సముద్రాల్లో అత్యధికంగా ఉండే సార్-11 కుటుంబంలోంచి విడివడి మంచినీటికి వచ్చి స్థిరపడిన శాఖ అది. దాన్ని ప్రయోగశాలలో పెంచడం 2018 దాకా ఎవరికీ సాధ్యం కాలేదు. లూసియానా తీరపు నీటి నుంచి అమెరికా శాస్త్రవేత్తలు ఆ పని చేయగలిగారు.

ఎగువన పరిస్థితి వేరు. అక్కడ తిండి పుష్కలం, తాజా ఆకులు, మట్టి. గబగబా తిని గబగబా పెరిగేవాళ్లదే అక్కడ పైచేయి. చిన్న వాగులో ఎక్కువ జీవులు నీటిలో తేలుతూ ఉండవు కూడా. వాగులోంచి ఒక రాయి తీసి వేలు రాసి చూడండి, జారుతుంది. రేవుమెట్ల మీద మనల్ని పడేసే పాకుడు అదే. బ్యాక్టీరియాలు, నాచుకణాలు కలిసి తమ చుట్టూ తామే జిగట పదార్థం ఊరించుకుని, దాంట్లో పాతుకుని ఉంటాయి. నీరు కొట్టుకుపోతున్నా అవి పోవు. ఆస్ట్రియాలోని ఇబ్స్ నదీజాలంలో టామ్ బాటిన్ బృందం ఈ పాకుడును వాగు వాగుకూ తిరిగి పరిశీలించి 2013లో ఫలితాలు వెల్లడించింది. ఇక్కడా అదే వరస. తలాపు వాగుల్లో వైవిధ్యం ఎక్కువ, పైగా ఒక వాగుకీ ఇంకో వాగుకీ పోలిక తక్కువ. పేరైనా లేని చిన్న వాగును పూడ్చి రోడ్డు వేసినప్పుడు పోయేది నాలుగు బిందెల నీళ్లు మాత్రమే కాదన్నమాట.

ఇంతదాకా చెప్పింది నిదానంగా పారే నది సంగతి. వరదలో లెక్క మారుతుంది. కొత్త నీరొచ్చి పాతనీటిని కొట్టుకుపోయిందన్న సామెత అక్షరాలా జరిగేది అప్పుడే. ఆషాఢ శ్రావణాల్లో ధవళేశ్వరం దగ్గర ఎర్రగా, చిక్కగా దిగే నీటిలో ఏడాదికి సరిపడా మట్టి, దాంతోపాటు మట్టిలోని జీవులు, వాటికి తిండి అంతా ఒక్కసారి వస్తాయి. ఆ వరదనీటిని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్త వి.వి.ఎస్.ఎస్. శర్మ, ఆయన సహచరులు గోదావరి ముఖద్వారంలో పరీక్షించారు. 2011లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, వరద ఉధృతంగా ఉన్నప్పుడు నీటిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 30,000 మైక్రో అట్మాస్ఫియర్ల దాకా చేరింది. పైన గాలిలో అది అప్పటికి 400 లోపే. అంటే 70 రెట్లకు మించి. నీరు బురదగా ఉండి వెలుతురు లోపలికి దిగదు, నాచు పెరగదు. బ్యాక్టీరియాలు మాత్రం భూమి మీంచి వచ్చిన సేంద్రియ పదార్థాన్ని ఆవురావురుమని తింటాయి, ఊపిరి వదులుతాయి. వరద తగ్గాక, సముద్రపు పోటు పైకి ఎగదన్నే ఎండాకాలంలో, అదే ముఖద్వారంలో ఆ అంకె ఎంతో కిందికి పడిపోతుంది.

ఇది ఒక్క గోదావరికి పరిమితమైన సంగతి కాదు. నేల మీంచి నదులు, సరస్సుల్లోకి ఏటా దిగే కార్బన్ సుమారు 190 కోట్ల టన్నులని, అందులో సగం లోపే సముద్రానికి చేరుతుందని జొనాథన్ కోల్ తదితరులు 2007లో లెక్కగట్టారు. మిగతాది కొంత అడుగున మట్టిలో పూడుకుపోతే, ఎక్కువ భాగం దారిలోనే గాలిలో కలుస్తుంది. అంతకు ముందు నదిని నేల నుంచి కడలికి కార్బన్‌ను మోసే ఉత్త గొట్టంగా చూసేవారు. ఆ చూపు పొరపాటని ఇప్పుడు చెప్పవచ్చు.

నేల వేసే తోడుకు మనమూ మరొకటి కలుపుతున్నాం. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు మందుల పరిశ్రమలకు పేరు. అక్కడి మురుగుశుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ మందు మింగే రోగి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగులోకి, నక్కవాగులోకి, మంజీరలోకి, చివరికి గోదావరిలోకి పోయేదే. అదే ప్రాంతపు వాగు అడుగు మట్టిలోని డీఎన్ఏ చదివి 2011లో వేసిన పత్రంలో, మందుకు లొంగని జన్యువులు, వాటిని ఒక జీవి నుంచి ఇంకో జీవికి చేరవేసే జన్యుభాగాలు విపరీతంగా కనిపించాయి. పరిస్థితులే ఏరుతాయన్న బాస్ బెకింగ్ మాట ఇక్కడ మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజమైంది. ఏ పరిస్థితి అన్నది మనం నిర్ణయించాం.

ఇక ఆనకట్టలు. జాయక్‌వాడి, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, ధవళేశ్వరం, ఇలా ఒకదాని వెనక ఒకటి నీటిని ఆపుతాయి. నీరు ఆగిందంటే సూక్ష్మజీవులకు గడువు పొడిగించినట్టే. 17 రోజుల ప్రయాణం నెలల మీదికి పోతుంది. నదిలోని జీవులు పోయి సరస్సుకు తగినవి పైకి వస్తాయి. గేట్లు ఎత్తిన రోజు మళ్లీ వరద లెక్క మొదలవుతుంది. కాబట్టి గోదావరిలో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయని అడిగేవాళ్లు ఏ నెలలో, ఏ ఆనకట్టకు ఎగువనో దిగువనో కూడా చెప్పాలి. లేకపోతే ఆ జవాబుకు అర్థం ఉండదు.

డాన్యూబ్ ఫలితాలను తెచ్చి గోదావరికి అతికించడానికీ వీల్లేదు. అక్కడ ఉపనదుల ప్రభావం నామమాత్రం అన్నారు. ఇక్కడ పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ఒక్క ప్రాణహితదే. మరాఠ్వాడా నల్లరేగడి మీంచి వచ్చే నీరు వేరు, బస్తర్ అడవుల ఇంద్రావతి వేరు, కోరాపుట్ కొండల శబరి వేరు. నేల వేరైతే తోడూ వేరే. మన నదికి ఇన్ని రకాల తోడు పడుతుంటే చివరికి పైచేయి ఎవరిదన్నది ఇక్కడి నీళ్లు చూస్తేనే తెలుస్తుంది. కోలిఫాం ఎంత, ఆక్సిజన్ ఎంత అని నెలనెలా కొలిచే అంకెలు అవసరమే, కానీ ఈ ప్రశ్నకు అవి సరిపోవు. త్ర్యంబకం, పైఠాన్, కందకుర్తి, కాళేశ్వరం, భద్రాచలం, కూనవరం, రాజమహేంద్రవరం, యానాం. ఈ ఎనిమిది చోట్లా, వాటి పక్కనున్న నేలల్లోనూ, ఒకే విడతలో ఒకే పద్ధతిన నమూనాలు పట్టాలి. తొలకరికి ముందొకసారి, వరద మధ్యలో ఒకసారి, సంక్రాంతి నాటికి ఒకసారి. నది ఒడ్డునున్న విశ్వవిద్యాలయాలు, కళాశాలలు తలో రేవూ పంచుకుంటే ఇది పెద్ద ఖర్చు పని కాదు. మొదలుపెట్టేవాళ్లు కావాలి.